తెల్ల పిండి

నాలుగేళ్ల పిట్ట, బరువు తూచే బల్ల మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. చేతులెత్తితే బరువు పెరుగుతుందని దానికి ఎవరు చెప్పారో తెలియదు. "దించవే తల్లీ, ఎగిరిపోతావేమో" అని నర్సు నవ్వింది. పిట్ట దించలేదు. ముల్లు పన్నెండు కిలోల దగ్గర ఆగబోయి, ఆగక, కాస్త వెనక్కి జారింది.

ఆ జారడం అమ్మ కంటే ముందు పెద్దమ్మాయి చూసింది. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా ఫైలు పట్టుకోవడం ఆమె పని. పద్నాలుగేళ్ల పిల్ల. ఎవరూ అడగనిదే మాట్లాడదు, అడిగినా సగమే మాట్లాడుతుంది. అందుకే ఫైలు ఆమెకిస్తే భద్రం అంటుంది అమ్మ. అందులో అన్నిటికంటే అడుగున ఉన్నది నులిపురుగుల మందు రాసిన చీటీ. దాని మీద ఇంకో డాక్టరు రాసిన చీటీ, "తల్లి సరిగా తిండి పెట్టడం లేదు" అని. ఆ చీటీని అమ్మ నాలుగు మడతలు పెట్టేసింది గానీ పారేయలేదు. ఆ పైవన్నీ ఈ డాక్టరమ్మవి. జబ్బుకి పేరు పెట్టింది ఈవిడే. సీలియాక్.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆర్నెల్లయింది కదమ్మా గోధుమ మానిపించి?"

"ఆర్నెల్ల పది రోజులండీ."

"మరి ఈ లెక్క ఎందుకు దిగలేదు? గోధుమలో ఉండే జిగురు ఈ పాప పేగుకి పడదని చెప్పాను. గుప్పెడు అక్కర్లేదు, చిటికెడు చాలు. రోజూ ఎక్కడో ఆ చిటికెడు పడుతోంది లోపలికి."

"మా ఇంట్లో గోధుమ గింజ లేదండీ. బియ్యప్పిండి రొట్టెలే అందరికీ. పిండి కూడా మా అన్నయ్య మరలోనే ఆడిస్తాం. దీని కోసం మర విప్పి కడిగి మరీ ఆడిస్తాడు."

డాక్టరమ్మ తల ఊపింది. "ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను, ఈ ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. ఆయన లారీ మీద వెళితే పదిహేను రోజులకి గానీ రారు."

"అత్తగారు." డాక్టరమ్మ కలం ఆ మాట దగ్గర ఆగింది. "పెద్దవాళ్లకి జాలి ఎక్కువమ్మా. పిల్ల ఏడిస్తే చూడలేరు. చాటుగా పెడుతుంటారు. నేను రోజూ చూస్తున్నదే." కాగితం మీద ఏదో రాసింది. "ఇంకో రెండు నెలలు చూస్తాను. అప్పటికీ దిగకపోతే మళ్లీ మత్తిచ్చి గొట్టం వేసి పేగు ముక్క తీసి చూడాలి. అన్నట్టు పాపకి రక్తం తక్కువుంది. తెల్ల బియ్యం మానేసి ముడి బియ్యం వాడండి."

గొట్టం అన్న మాట విని పిట్ట బల్ల దిగి వచ్చి అక్క వెనక దాక్కుంది. పోయినసారి ఆ గొట్టం తరవాత మూడు రోజులు అది నోరు తెరవలేదు, పళ్లు తోమడానికి కూడా.

బయట వరండాలో, మందుల కిటికీ ముందు వరసలో వాళ్ల వెనక ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడ పక్కన పొడుగాటి కూతురు. ఆవిడ పిట్టనీ, ఫైలునీ చూసి, "మీదీ గోధుమ గొడవేనా?" అంది, ఊరివాళ్లు కనిపించినంత సంతోషంగా. "మా దానికి పదేళ్లు. అయిదేళ్లుగా ఇక్కడికే. మీరు పిండి ఎక్కడ ఆడిస్తారు?"

అమ్మ మొహం ఆ రోజు మొదటిసారి వెలిగింది. "మా సొంత అన్నయ్య మరండీ. ఆ దిగుల్లేదు."

"అదృష్టవంతులు! నేను ఎవర్నీ నమ్మలేక ఇంట్లోనే చిన్న మర పెట్టుకున్నా. మా ఆయన దాన్ని నా సవతి అంటాడు." ఆవిడ నవ్వి, ఫైలు వెనక తన ఫోను నంబరు రాసిచ్చింది. "ఏ అనుమానమొచ్చినా చెయ్యండి. మనలాంటి వాళ్లం ఇరవై మందిమి ఉన్నాం. డాక్టర్లు చెప్పనివి మేం చెప్పుకుంటాం."

అమ్మ సరేనంది గానీ ఆ నంబరు వంక చూడలేదు. బస్సులో రెండు గంటలూ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం, "చాటుగా" అని తనలో తను అనుకుంది. ఆ మాట పెద్దమ్మాయికి వినపడింది.

*

మర్నాడు మధ్యాహ్నం అమ్మ కుట్టు మిషను చప్పుడు ఎప్పటికన్నా గట్టిగా వినపడుతోంది. బడి యూనిఫారాలకి కాలర్లు వేస్తోంది. రెండు కాలర్లు తిరగేసి కుట్టి మళ్లీ విప్పింది.

పెరటి మెట్ల మీద నాయనమ్మ పల్లీల పొట్టు ఊదుతూ కూర్చుంది. పిట్ట ఎదురుగా గొంతుకూర్చుని, పొట్టు ఎగిరినప్పుడల్లా కళ్లు మూసి తెరుస్తోంది.

"ఇదిగో, ఒకసారి చదివిపెట్టవే" అని నాయనమ్మ ఖాళీ పల్లీల పొట్లం పెద్దమ్మాయికి ఇచ్చింది. నాయనమ్మకి చదువు రాదు. ఆర్నెల్లుగా ఆమె కొన్న ప్రతి పొట్లమూ పెద్దమ్మాయి చదవందే పిట్ట దాకా పోలేదు. చీమ తలకాయంత అక్షరాలు. పెద్దమ్మాయి వెలుతురుకి పెట్టి చదివింది.

"పల్లీలు. అంతే నాయనమ్మా."

"కింద ఇంకేదో ఉందే."

"అది చిరునామా."

"చిరునామా కూడా చదువు. ఆ ఊళ్లో గోధుమ పండుతుందేమో, ఎవరికి తెలుసు?" అంది నాయనమ్మ. పిట్ట కిలకిలా నవ్వింది. నాయనమ్మ నాలుగు పల్లీలు అరచేతిలో పెట్టి చాచింది. పిట్ట ఒక్కొక్కటీ ఏరుకుని నోట్లో వేసుకుంది.

మిషను చప్పుడు ఆగిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

"ఏం పెడుతున్నారు దానికి?"

"పల్లీలు అమ్మాయ్. ఇప్పుడే వేయించా."

అమ్మ మెట్లు దిగి వచ్చి పిట్ట గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. వాసన చూసింది. "మొన్నేం పెట్టారు? అటు మొన్న?"

"అదేం మాట? నీ ఎదురుగానేగా అన్నీ..."

"నా ఎదురుగా పెట్టినవి నాకు తెలుసు. నేను మిషను మీద కూర్చున్నప్పుడు పెట్టినవి అడుగుతున్నా."

"ఇంట్లో గోధుమే లేదు కదమ్మాయ్."

"ఇంట్లో లేకపోతే వీధిలో లేదా? సాయంత్రం దాన్ని చంకనేసుకుని ఆ బేకరీ ముందునుంచేగా తిప్పుతారు? అది బన్ను కావాలని ఏడిస్తే మీ ప్రాణం ఊరుకుంటుందా? ఊరుకోదు. మీ సంగతి నాకు తెలీదా? డాక్టరమ్మకే తెలిసిపోయింది, మిమ్మల్ని చూడకుండానే!"

నాయనమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఆమె అమ్మ వంక చూడలేదు. పెద్దమ్మాయి వంక చూసింది.

పెద్దమ్మాయికి అంతా తెలుసు. ఆ సాయంత్రాలన్నిటిలో ఆమె వాళ్ల పక్కనే నడిచింది. బేకరీ రాకముందే నాయనమ్మ వీధి దాటేస్తుంది. "ఛీ ఛీ, ఏం కంపే ఇది" అంటూ తన ముక్కూ మూసుకుని, పిట్ట ముక్కూ మూస్తుంది. కొత్తగా కాల్చిన బన్ను వాసనని మురుగు కాలవ వాసనంటే పిట్ట నమ్మేసింది కూడా. ఈ సంగతి చెప్పాలి. పొట్లాల సంగతి చెప్పాలి. మాటలన్నీ లోపల బారులు తీరి నిలబడ్డాయి. ముందున్న మాట గొంతు దాకా వచ్చి అడ్డంపడింది, వెనకవన్నీ దాని మీద పడ్డాయి. బడిలోనూ అంతే. జవాబు తెలిసీ చెయ్యెత్తదు. ఇంకెవరో చెప్పాక, నాకూ తెలుసు అనుకుంటుంది. ఇక్కడ చెప్పడానికి ఇంకెవరూ లేరు. ఆమె చేతిలో ఖాళీ పొట్లాన్ని మడతపెట్టింది. ఇంకో మడత పెట్టింది.

అమ్మ పిట్ట ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు భుజాలూ పట్టుకుంది.

"ఇటు చూడు. నాయనమ్మ పెడితే తినకు. నాయనమ్మ పెట్టేదే నీ కడుపులో నొప్పి. మళ్లీ గొట్టం వేస్తారు. విన్నావా? ఎవరు పెడితే నొప్పి?"

పిట్ట అటూ ఇటూ చూసింది. "నాయనమ్మ" అంది చిన్నగా.

మర్నాడు పొద్దున నాయనమ్మ ఏ గొడవా చేయకుండా సంచి సర్దుకుంది. "కొన్నాళ్లు మీ అత్త దగ్గర ఉండొస్తా" అని పెద్దమ్మాయితో అంది, పక్క వీధికి వెళుతున్నట్టు. అమ్మ నాన్నకి ఫోను చేసి చెప్పింది. లారీ చప్పుడులో నాన్న ఏమన్నాడో వినపడలేదు. అమ్మ మాత్రం, "మీ అమ్మ మీద నాకు కోపం లేదు, నా పిల్ల బతకాలి" అని పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే మామయ్య వచ్చాడు. మరలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. సంగతంతా విన్నాడు. ఒక్క క్షణం గోడకేసి చూశాడు. తరవాత నాయనమ్మ చేతిలోంచి సంచి తీసుకున్నాడు.

"పదండి అత్తమ్మా, బస్సు దాకా నేను దిగబెడతా." మెట్ల దగ్గర ఆగి, అమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దావిడ. తెలీక పెట్టుంటుంది. మనసులో పెట్టుకోకు చెల్లెమ్మా. పిండి సంగతి నా పూచీ, అది నువ్వు మర్చిపో." వెళుతూ వెళుతూ పెద్దమ్మాయి నెత్తి మీద చెయ్యేశాడు. "ఏమే మూగనోమూ, చెల్లెల్ని కనిపెట్టుకుని ఉండు."

అతని చేతి పిండి ఆమె జుట్టుకి అంటుకుంది.

*

ముడి బియ్యంలో రాళ్లు ఎక్కువ. గురువారం పొద్దున్నే పెద్దమ్మాయి దుప్పటి పరిచి, బియ్యం పోసి, వేళ్లతో పలచగా నెరిపి, రాయి రాయీ ఏరింది. గింజలు ఎర్రటి మట్టి రంగులో ఉన్నాయి. కడిగితే నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. మధ్యాహ్నం దాకా ఎండబెట్టి డబ్బాకెత్తి, మూత మీద గుడ్డ కట్టి మరకి తీసుకెళ్లింది.

మర ముందు డబ్బాల వరస గుమ్మం దాటి ఉంది. లోపల బెల్టు తిరుగుతూ గోడలన్నీ సన్నగా వణుకుతున్నాయి. మామయ్య ఒక చేత్తో తొట్టిలోకి గోధుమలు వంపుతూ, రెండో చేత్తో గుడ్డ గొట్టాన్ని కర్రతో తడుతున్నాడు. పిండి వెచ్చగా, సన్నగా డబ్బాలోకి రాలుతోంది. గాలంతా గోధుమే.

"మా పిట్ట డబ్బా వచ్చేసింది!" అని అరిచాడు. వరసలో ఉన్న ఇస్త్రీ ఆయన జరిగి దారిచ్చాడు.

"ఇంకా విప్పి కడుగుతున్నావా దీని కోసం?" అనడిగాడు.

"కడక్కపోతే ఎట్లా బాబాయ్? రాళ్లు రెండూ విప్పి, బ్రష్షు కొట్టి, తొట్టి తుడిచి, ముందు పిడికెడు బియ్యం ఆడించి పారబోసి, అప్పుడు దానివి వేస్తా. పూట పడుతుంది. అయినా మేనకోడలి కన్నా ఎక్కువా?"

"మేనమామంటే నువ్వయ్యా" అన్నాడు ఇస్త్రీ ఆయన. వెనకున్న ఇద్దరు ఆడవాళ్లు అవునన్నట్టు తలలూపారు.

పెద్దమ్మాయికి గర్వమే అనిపించింది. మొదటిసారి విప్పినప్పుడు నట్లు పట్టుకున్నది తనే. ఆ రోజు మామయ్య రాయి గాట్లలోంచి పిండిని పుల్లతో గీకి తీస్తుంటే, నుదుటి చెమట పిండిలో కలిసి ముద్దలు కట్టింది. "పిట్ట కడుపులోకి నా చేతి మీదుగా గోధుమ పోనివ్వనే" అన్నాడు అప్పుడు.

"పెట్టిపో. సాయంత్రం రా" అన్నాడు ఇప్పుడు. మూత విప్పలేదు. డబ్బాని కాలితో బల్ల కిందికి తోశాడు.

సాయంత్రం వెళ్లేసరికి డబ్బా సిద్ధంగా ఉంది. ఇంటికొచ్చేసరికి పిట్ట మంచం మీద మోకాళ్లు పొట్టకి ముడుచుకుని పడుకుని ఉంది. రెండుసార్లు వాంతి చేసుకుందట. అమ్మ తడిగుడ్డతో దాని మొహం తుడుస్తోంది.

"ఆవిడ లేదుగా, మరి ఇదేంటే?" అంది అమ్మ ఎవర్నీ అడగనట్టు. వెంటనే తనే జవాబు చెప్పుకుంది. "మొన్నటిదేదో లోపల ఇంకా ఉండుంటుంది. పొయ్యి వెలిగించు, వేడివేడిగా ఒక్క రొట్టె తింటే కడుపు నిలబడుతుంది."

పెద్దమ్మాయి వంటింట్లోకి వెళ్లి పళ్లెం తీసింది. డబ్బా మూత మీది గుడ్డ విప్పింది.

పిండి తెల్లగా ఉంది.

మల్లెపువ్వులా ఉంది. వేళ్లు ముంచి తీసింది. తెల్లగానే ఉంది. అడుగు దాకా చెయ్యి పోనిచ్చి పైకి తెచ్చింది. అడుగున కూడా తెల్లగానే ఉంది. ఆమె చాలాసేపు ఆ చేతి వంకే చూసింది. పొద్దున ఎర్ర బియ్యం మీద తిరిగి తిరిగి గోళ్ల సందుల్లో ఎర్రటి పొడి ఇంకా ఉంది. ఆ గోళ్లకి ఈ తెల్ల పిండి అంటుకుంది.

"అయ్యిందా?" అని అమ్మ గదిలోంచి పిలిచింది.

పెద్దమ్మాయి మిగిలిన ముడి బియ్యంలోంచి పిడికెడు తీసి మిక్సీలో వేసింది. మిక్సీ గరగరలాడింది. మూత తీస్తే పొడి బెల్లం రంగులో, గరుకుగా ఉంది. ఒకే పళ్లెంలో ఒక పక్క డబ్బా పిండి, ఒక పక్క మిక్సీ పిండి పోసింది. రెండు చిన్న కుప్పలు. మధ్యలో వేలితో ఒక గీత గీసి, ఆ పళ్లెం తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టింది.

"ఏంటే ఇది?"

పెద్దమ్మాయి ఎర్ర కుప్ప చూపించింది. "మనం ఇచ్చినవి." తెల్ల కుప్ప చూపించింది. "మామయ్య ఇచ్చింది."

అమ్మ తడిగుడ్డ పక్కన పెట్టింది. తెల్ల కుప్పలో వేలు పెట్టి నాలిక మీద రాసుకుంది. మళ్లీ రాసుకుంది. పిట్ట మంచం మీంచి, "నాకు ఆకలి లేదు" అంది. అమ్మ ఉలిక్కిపడి ఆ పళ్లేన్ని పిట్టకి దూరంగా, గది అవతలి మూలకి జరిపేసింది.

*

శుక్రవారం పొద్దున మర అప్పుడే తెరిచారు. పక్కింటామెకి పిట్టని అప్పగించి, అమ్మ డబ్బా చంకన పెట్టుకుని నడిచింది. వెనక పెద్దమ్మాయి. వరసలో ఇంకా ఎవరూ లేరు. బెల్టు అప్పటికే తిరుగుతోంది. మామయ్య గోధుమలే ఆడిస్తున్నాడు.

"ఏంటి చెల్లెమ్మా, పొద్దున్నే? పిట్టకెలా ఉంది?"

"నేను పంపిన బియ్యం ఏవన్నయ్యా?"

"బియ్యమేంటే, పిండి ఇచ్చానుగా నిన్ననే."

"అవి ముడి బియ్యం."

గొట్టం మీద కర్ర ఆగింది. కాసేపు పిండి దానంతట అదే రాలింది. మామయ్య వంగి బల్ల కింద చూశాడు. అక్కడ మూతి విప్పి పెట్టిన తెల్ల బియ్యం గోతాం ఉంది. దాని మీద, ఇంకా పూర్తిగా కలవకుండా, ఎర్ర గింజలు ఒక మచ్చలా పరుచుకుని ఉన్నాయి. అతను లోపలికి చూడకుండానే డబ్బా అందులో వంపేశాడు. ఆరు నెలలుగా వచ్చేవి తెల్ల బియ్యమే కదా, చూడాల్సిన అవసరం అతనికి రాలేదు.

"నేను చెప్పేది విను" అన్నాడు మర ఆపి. ఉన్నట్టుండి నిశ్శబ్దం అయిపోయింది. "మొదటి రెండు నెలలూ కడిగానే. ఒట్టు. దీన్నడుగు, ఇదే నట్లు పట్టుకుంది. కానీ రాళ్లు విప్పితే ఆ పూటంతా పోతుంది. జనం డబ్బాలు పెట్టుకుని అరుస్తారు. అందుకని బియ్యం ఆడించినప్పుడు కాస్త ఎక్కువ ఆడించి, అదే పక్కన పెట్టి ఇస్తున్నా. అదీ బియ్యప్పిండేగా. గోధుమ నేనేమన్నా కలిపానా?"

"గోధుమ ఆడించిన రాళ్ల మీదే."

"కాస్త దుమ్ము. దుమ్ముకి మనిషి చస్తాడా? నేను పొద్దస్తమానం ఇదే పీలుస్తున్నా. డాక్టర్లు అలాగే బెదిరిస్తారనుకున్నా."

"అలా అనుకున్నవాడివి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా? ఇక నా వల్ల కాదు, ఇంకో దారి చూసుకో అని."

"నువ్వు బాధపడతావని..." మామయ్య పిండి చేతులతో మొహం తుడుచుకున్నాడు. మొహం ఇంకా తెల్లబడింది. "వీధిలో అందరికీ చెప్పుకున్నానే. నోట్లోంచి వచ్చేసిన మాట ఎలా వెనక్కి తీసుకోను?"

అమ్మ అరుస్తుందని పెద్దమ్మాయి అనుకుంది. అమ్మ అరవలేదు. డబ్బాని బల్ల మీద, తన ఎదురుగా, జాగ్రత్తగా పెట్టింది.

"నేను మా అత్తగారిని ఇంట్లోంచి పంపించేశానన్నయ్యా."

"తెలుసు" అన్నాడు మామయ్య నేల చూస్తూ.

"తెలుసుగా. ఆవిడ సంచి నువ్వేగా మోశావు."

గుమ్మంలో అలికిడైంది. ఇస్త్రీ ఆయన గోధుమల డబ్బాతో వచ్చి, ముగ్గురి మొహాలూ చూసి, "ఏమైందమ్మా, పాపకి ఎక్కువగా ఉందా?" అన్నాడు. మామయ్య అమ్మ వంక చూశాడు. ఆ చూపు పెద్దమ్మాయికి అర్థమైంది. చెప్పొద్దు అంటున్నాడు. అయినవాళ్ల పరువు అయినవాళ్లే కాపాడాలి అంటున్నాడు. నాయనమ్మని పంపేటప్పుడు మాత్రం వీధిలో సగం మంది వాకిళ్లలోనే నిలబడి ఉన్నారు.

అమ్మ నోరు తెరిచి, మూసింది. అమ్మకి కూడా మాటలు గొంతులో అడ్డంపడతాయని పెద్దమ్మాయికి అప్పుడే తెలిసింది.

"ఎక్కువేం లేదు బాబాయ్" అంది అమ్మ చివరికి. "పిండి ఇంక ఇక్కడ ఆడించం. అది చెప్పి పోదామని వచ్చాం."

"అయ్యో, ఎందుకని? ఇంత శ్రద్ధగా ఎవరు చేస్తారమ్మా?"

జవాబు కోసం ఇస్త్రీ ఆయన మామయ్య వైపు తిరిగాడు. మామయ్య గబగబా మీట వేశాడు. మర చప్పుడులో ఇంకేమీ వినపడలేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఫైలు తిరగేసి నంబరు చూసి ఫోను చేసింది. రెండుసార్లు చెప్పబోయి రెండుసార్లూ ఆగిపోయింది. అవతల పొడుగు పిల్ల తల్లి గొంతు గదంతా వినపడుతోంది. "ఊరుకోండమ్మా, ఊరుకోండి. మాలో సగం మందికి ఇదే కథ. ఎదుటివాళ్లు మాత్రం మారుతుంటారు. రేపు బియ్యం పట్టుకుని మా ఇంటికి రండి. నా సవతి ఖాళీగానే ఉంది. డాక్టరమ్మకి కూడా నేనొచ్చి చెప్తా, మర సంగతి ముందు అడగమని." అమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఒక్కసారి మాత్రమే చూసిన మనిషి అలా మాట్లాడుతుంటే ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

*

ఆదివారం మేనత్త ఇంటికి ముగ్గురూ వెళ్లారు. మేనత్త తలుపు తీసి, పిల్లల్ని లోపలికి రమ్మని, అమ్మని రమ్మనకుండా పక్కకి జరిగింది. అమ్మ ఆమె వెనకే లోపలికి నడిచింది.

నాయనమ్మ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని బీన్సు తుంచుతోంది. నాలుగు రోజులకే కాస్త చిక్కినట్టుంది. అమ్మ నిలబడే చెప్పింది. మర, రాళ్లు, ముడి బియ్యం, అన్నీ చెప్పింది. తన తప్పు మాత్రం చివరికి పెట్టుకుంది. అక్కడికొచ్చేసరికి మాట చిన్నదైపోయింది. "నన్ను క్షమించండత్తయ్యా."

నాయనమ్మ బీన్సు తుంచడం ఆపలేదు. "మీ అన్నయ్య బస్సులో కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు" అంది. "మంచినీళ్ల సీసా కొనిచ్చాడు. మంచివాడు అనుకున్నా."

పిట్ట ఇల్లంతా కలయజూసి నాయనమ్మ దాకా వచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది. నాయనమ్మ మొహం మారిపోయింది. చేతులు ఒళ్లో తుడుచుకుని, పక్కన గిన్నెలో ఉన్న అరటిపళ్లలోంచి ఒకటి తీసి చాచింది. "రావే. దా. చిక్కిపోయావే."

పిట్ట చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నువ్వు పెడితే కడుపులో నొప్పొస్తుంది" అంది. కోపం లేదు ఆ గొంతులో. నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది.

అరటిపండు చాచిన చెయ్యి అలాగే కాసేపు ఉంది. తరవాత నాయనమ్మ పండుని తిరిగి గిన్నెలో పెట్టి, చెయ్యి ఒళ్లోకి తీసుకుని, దాన్ని రెండో చెయ్యి కింద దాచుకుంది.

పెద్దమ్మాయి పిట్ట ముందు కూర్చుంది. గొంతులో మళ్లీ అదే గుంపు. ఈసారి ఆమె ఆ గుంపుని తోసుకుంటూ వెళ్లింది.

"అది నిజం కాదే పిట్టా. నాయనమ్మ నీకు ఏనాడూ గోధుమ పెట్టలేదు. నొప్పి మామయ్య పిండితో వచ్చింది. నాయనమ్మ పెట్టేవన్నీ నేను చదివా. నాకు తెలుసు. ఆ రోజు నేను చెప్పాల్సింది, చెప్పలేదు."

అమ్మ తలెత్తి ఆమె వంక చూసింది. పెద్దమ్మాయి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అమ్మ ఎప్పుడూ వినలేదు.

"అవునే" అంది నాయనమ్మ. గొంతు మెత్తగానే ఉంది. "ఆ రోజు నీ మొహం వంకే చూస్తూ నిలబడ్డా."

పెద్దమ్మాయి తల దించుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. నాయనమ్మ తిట్టలేదు, దగ్గరికి రమ్మనీ అనలేదు.

పిట్టకి ఇదంతా అయోమయంగా ఉంది. కనుబొమలు ముడిచి ఆలోచించింది.

"అయితే అమ్మ అబద్ధం చెప్పిందా?"

మేనత్త వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. నాయనమ్మ ఏదో అనబోయింది, పిల్ల ముందు తల్లిని తక్కువ చేయకూడదని కాబోలు. అమ్మ ముందే అనేసింది.

"అవునమ్మా. చెప్పాను."

పిట్ట అమ్మని చూసింది. అక్కని చూసింది. నాయనమ్మ ఒళ్లో దాచుకున్న చేతుల్ని చూసింది. ముగ్గురూ దాని మొహం వంకే చూస్తున్నారు.

అది గిన్నె దగ్గరికి వెళ్లి, వంగి, తనే ఒక అరటిపండు తీసుకుంది. అందరికీ దూరంగా గోడ పక్కన కూర్చుంది. తొడిమ ఊడి రాకపోతే పళ్లతో కొరికింది. అక్క సాయం చేయబోతే భుజం పక్కకి తిప్పుకుంది. వంకరటింకరగా, ముక్కలు ముక్కలుగా తొక్క తనే ఒలుచుకుని, పండుని నాలుగు వైపులా తిప్పి చూసి, వాసన చూసి, తినడం మొదలుపెట్టింది.